యూనివర్సిటీ స్టేజీ మీద దెయ్యం కథ: స్క్రిప్ట్ నుంచి ఆఖరి షో దాకా

"పొగ మెషీన్ ఎలా వాడాలి?" "దెయ్యం తెల్లగా మెరవాలంటే ఏ బట్ట వాడాలి?" "ఉన్నచోటే మాయమైపోవాలంటే ఎలా?" దెయ్యం నాటకం వేయబోయే విద్యార్థులు అడిగేవి దాదాపు ఇవే. జవాబులన్నీ కింద ఉన్నాయి. అయితే ఇవి ఐదో వారంలో అడగాల్సిన ప్రశ్నలు. మొదటి వారంలో అడగాల్సింది ఒకటే: దెయ్యాన్ని ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, ఎంతసేపు చూస్తారు?

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నా మొదటి దెయ్యం నాటకంలో తెర లేచిన నాలుగో నిమిషానికే దెయ్యం వచ్చేసింది, అదీ స్టేజీ నిండా పొగతో. రెండో అడుగుకి చెప్పు కిర్రుమంది. మూడో అడుగుకి దెయ్యానికి దగ్గొచ్చింది. ముందు వరసలోంచి ఎవరో ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచారు. ఆ తర్వాత గంటసేపు హాలు నవ్వుతూనే ఉంది.

కింది లెక్కలన్నీ 60 నుంచి 90 నిమిషాల నాటకానికి, 200–300 సీట్ల హాలుకి, ఎనిమిది వారాల గడువుకి సరిపోయేలా చెబుతున్నాను.

1. కథ ఎంపిక, హక్కులు

పాత కథే కదా, ఎవరినీ అడగక్కర్లేదు అనుకుంటారు. అది సగమే నిజం. మూలకథ మీద హక్కుల గడువు తీరిపోయి ఉండొచ్చు, మీ చేతిలో ఉన్న నాటక రూపానికి తీరి ఉండకపోవచ్చు. అనువాదానికీ అంతే.

గడువు దేశాన్ని బట్టి మారుతుంది. రచయిత పోయిన తర్వాత భారతదేశంలో 60 ఏళ్ళు, బ్రిటన్‌లో 70 ఏళ్ళు. ఉదాహరణకి ఇంగ్లీషు రచయిత డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో వెలువరించిన 'ది మంకీస్ పా' కథ. ఆయన 1943లో పోయారు కాబట్టి రెండు దేశాల్లోనూ మూలకథను వాడుకోవచ్చు. అదే కథను ఈమధ్య ఎవరో నాటకంగా రాస్తే, దాన్ని జిరాక్స్ తీసి వేసెయ్యడం మాత్రం కుదరదు.

దారులు రెండే. నాటక రూపానికి అనుమతి తీసుకోండి, లేదా మూలకథ దగ్గర పెట్టుకుని మీరే రాసుకోండి. మీరే రాసేటప్పుడు వేరే నాటకంలోనో సినిమాలోనో కల్పించిన సన్నివేశం తెలియకుండానే దూరిపోతుంది. మూలంలో ఉందో లేదో ప్రతి సన్నివేశానికీ చూసుకోండి.

అనుమతి ఉత్తరంలో ఉండాల్సినవి:

- ఎన్ని షోలు, ఏ తేదీలు
- టికెట్టు ఉందా, ఉచితమా
- స్క్రిప్ట్‌లో కోతలు, మార్పులు ఉంటే అవి
- వీడియో తీస్తారా (చాలాచోట్ల దీనికి విడిగా అనుమతి కావాలి)

ఇక ఎలాంటి కథ? చోటు ఒకటే ఉండాలి, పాత్రలు ఆరుకి మించకూడదు, దెయ్యం కనిపించే సందర్భాలు తక్కువ ఉండాలి. జేకబ్స్ కథలో చచ్చిపోయిన కొడుకు మనకు అసలు కనబడడు. వీధి తలుపు మీద చప్పుడు వినబడుతుందంతే. మేకప్ ఖర్చు లేదు, పొగ లేదు, కథ మాత్రం వందేళ్ళు దాటినా నిలబడింది.

2. దెయ్యం పట్టిక రాయండి

ఒక్క పనికే ఓపిక ఉందంటే ఈ పని చేయండి, మిగతావి నేర్చుకుంటారు.

స్క్రిప్ట్ చదువుతూ దెయ్యం ఉనికి తెలిసే ప్రతి చోటూ గుర్తు పెట్టండి. ఒక్కో గుర్తుకీ ఐదు విషయాలు రాయండి: ఎన్నో నిమిషం, ఏ రూపం (చప్పుడు, నీడ, వస్తువు కదలడం, మనిషి), ఎవరికి తెలుస్తుంది, ఎన్ని సెకన్లు, ఎలా పోతుంది.

నేను వాడిన పట్టిక ఒకటి ఇలా ఉండేది. పై గదిలో ఊగుడు కుర్చీ ఉన్న ఇల్లు అనుకోండి:

- 9వ నిమిషం: కుర్చీ ఊగుతున్న చప్పుడు. ప్రేక్షకులకే వినబడుతుంది, పాత్రలు పట్టించుకోవు. 5 సెకన్లు.
- 21వ నిమిషం: అదే చప్పుడు. ఒక పాత్ర మాట మధ్యలో ఆగుతుంది. ఎదుటివాడికి వినబడదు. 4 సెకన్లు.
- 34వ నిమిషం: తలుపు సందులో చేయి. ప్రేక్షకులకే. 2 సెకన్లు.
- 52వ నిమిషం: నిలబడ్డ మనిషి, ముఖం చీకట్లో. అందరికీ. 6 సెకన్లు.
- 71వ నిమిషం: కుర్చీ అందరి ఎదుటా ఊగుతుంది. ఈసారి చప్పుడు లేదు.

మొదట కుర్చీ లేని చప్పుడు, చివర చప్పుడు లేని కుర్చీ. 71వ నిమిషంలో హాలు బిగుసుకుపోయిందంటే దానికి కారణం 9వ నిమిషం.

"ఎవరికి తెలుస్తుంది" అన్న గడిని తేలిగ్గా తీసుకోకండి. షేక్‌స్పియర్ 'హామ్లెట్' మొదటి అంకం తెరిచి చూడండి. మొదటి దృశ్యంలో హామ్లెట్ తండ్రి దెయ్యం ఇద్దరు కాపలావాళ్ళకు, హామ్లెట్ స్నేహితుడికి కనబడుతుంది, పెదవి విప్పదు. ఐదో దృశ్యంలో కొడుకుతో ఒంటరిగా ఉన్నప్పుడు తన కథంతా చెబుతుంది. మూడో అంకంలో హామ్లెట్‌కి కనబడుతుంది, తల్లి అదే గదిలో ఉన్నా ఆమెకు కనబడదు. ముగ్గురికీ కనబడి ఒక్కరికీ వినబడనిది, ఒక్కరికే వినబడేది, ఒకరికి కనబడి పక్కవారికి కనబడనిది: ఈ మూడింటికీ రుచి వేరు.

పట్టికకు నా హద్దులు చెబుతాను, మీకు నచ్చకపోతే మార్చుకోండి. మనిషి రూపం నాలుగుసార్లు దాటకూడదు. మొదటిసారి మూడు సెకన్లు మించకూడదు. పూర్తి ముఖం ఒక్కసారే, అదీ చివరి పావుభాగంలో. ఉలిక్కిపడేట్టు చేసే పెద్ద చప్పుడు నాటకం మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు.

3. జట్టు, ఎనిమిది వారాల లెక్క

దర్శకుడు, స్టేజీ మేనేజర్, లైట్లు, సౌండు, సెట్–ప్రాప్స్ (నటులు చేత్తో వాడే వస్తువులు), దుస్తులు–మేకప్. ఇందులో స్టేజీ మేనేజర్‌ని దర్శకుడి స్నేహితుడు కదా అని పెట్టకండి. చీకట్లో 80 క్యూలు (లైటు, చప్పుడు ఏ క్షణంలో మారాలో చెప్పే సంకేతాలు) పిలవాల్సిన మనిషి. టెక్ రిహార్సల్ (లైట్లు, సౌండుతో కలిపి చేసేది) మొదలయ్యాక దర్శకుడికి కూడా "ఆగు" అని చెప్పగలగాలి.

- 1వ వారం: కూర్చుని చదవడం, దెయ్యం పట్టిక, పాత్రల ఎంపిక
- 2, 3 వారాలు: బ్లాకింగ్, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో ఖాయం చేయడం. సెట్ కొలతల్ని నేల మీద టేపుతో గీసి పెట్టుకోవాలి
- 4వ వారం: స్క్రిప్ట్ చేతిలో లేకుండా. నిజం ప్రాప్స్ ఈ వారం నుంచే
- 5వ వారం: దెయ్యం కనిపించే పద్ధతుల్ని చీకటి గదిలో పరీక్షించడం
- 6వ వారం: ఆపకుండా మొత్తం నాటకం, తాత్కాలిక శబ్దాలతో
- 7వ వారం: హాల్లోకి సెట్, లైట్ల ఫోకస్, క్యూలు రాయడం
- 8వ వారం: టెక్ రిహార్సల్, డ్రెస్ రిహార్సల్, షో

తేదీలు వేసేముందు పరీక్షల టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకోండి. ఏడో వారంలో ఇంటర్నల్స్ పడితే లైట్లు వేసేవాడు రాడు.

దెయ్యం పాత్రధారి మొదటి వారం నుంచే రావాలి. "రెండు నిమిషాల వేషమే కదా, చివర్లో చూద్దాం" అంటే కదలిక కుదరదు.

4. హాలును చీకట్లో చూడండి

పగలు వెళ్ళి చూస్తే ఏమీ తెలియదు. షో వేసే సమయానికే వెళ్ళి, లైట్లన్నీ ఆపించి, పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట్లో కనబడని వెలుగులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి: తలుపు కింద సందు, కంట్రోల్ రూమ్ మానిటర్, ప్రొజెక్టర్ మీద పచ్చ దీపం, ఎవరి మొహం మీదో ఫోను.

మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే నాటకం నడిచేకొద్దీ ప్రేక్షకులకు చూపు పెరుగుతుంది. 5వ నిమిషంలో కనబడని నల్ల బట్టల మనిషి 40వ నిమిషంలో చక్కగా కనబడిపోతాడు.

చూడాల్సినవి:

- వెలుతురు సందులన్నీ నల్లగుడ్డతో మూయండి. అత్యవసర ద్వారం గుర్తు దీపాలను మాత్రం ముట్టుకోవద్దు, అవి వెలగాల్సిందే
- ముందు వరస రెండు చివర్లు, ఆఖరి వరస, బాల్కనీ నుంచి వింగ్స్ (స్టేజీ పక్కల తెరచాటు) లోపల ఎంత కనబడుతోంది?
- ఏసీ మోత ఎంత? ఆపితే ఏమవుతుంది? ఎవరు ఆపగలరు?
- స్టేజీ చెక్కల్లో కిర్రుమనేవి ఏవి? వాటి మీద సుద్దతో గుర్తు పెట్టండి
- పొగను పట్టే అలారం ఏ రకం, ఎవరి అధీనంలో ఉంది?

5. రిహార్సల్: ముందు చూపు, తర్వాత కేక

ప్రేక్షకుడు దెయ్యాన్ని చూసేముందు దాన్ని చూసినవాడి ముఖం చూస్తాడు. ఆ ముఖం నమ్మించకపోతే వెనకాల ఎంత సరంజామా పెట్టినా దండగ.

దీనికో సాధన ఉంది. దెయ్యం పాత్రధారిని బయటికి పంపేయండి. గోడ మీద ఒకచోట టేపు ముక్క అతికించి, ఆ సంగతి నటుడికి మాత్రమే చెప్పండి. నటుడు దాన్ని చూడాలి. హాల్లో నలుగురు కూర్చుని ఆ చోటెక్కడో వేలితో చూపించాలి. నలుగురూ నాలుగు చోట్లు చూపిస్తే నటుడు గాల్లోకి చూస్తున్నాడన్నమాట. నలుగురి వేళ్ళూ ఒకేచోటికి వెళ్ళేదాకా చేయించండి. దెయ్యం ఎత్తు, దూరం కూడా చూపులో తెలియాలి.

తర్వాత క్రమం. చాలామంది విద్యార్థులు చూడటం, తిరగడం, అరవడం అన్నీ ఒకే క్షణంలో కానిచ్చేస్తారు. విడగొట్టండి:

1. చేతిలో పని ఆగుతుంది.
2. కళ్ళు కదులుతాయి, తల కదలదు.
3. ఊపిరి నిలుస్తుంది.
4. తల తిరుగుతుంది.
5. ఒళ్ళు వెనక్కి తగ్గుతుంది.
6. గొంతు లేస్తుంది, లేస్తే.

మొదటి మెట్టుకు పని కావాలి కదా. అందుకే ప్రతి భయం సన్నివేశానికి ముందు పాత్రధారి చేతికి మామూలు ఇంటిపని ఏదో ఇవ్వండి. మా నాటకంలో ఒకడు గోడ గడియారానికి కీ ఇస్తుంటాడు. కర్, కర్, కర్... నాలుగో తిప్పు సగంలో చేయి ఆగిపోతుంది. డైలాగు లేదు, సంగీతం లేదు. హాల్లో దగ్గులు కూడా ఆగాయి. ఆ సగం తిప్పు కుదరడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదట్లో ప్రతిసారీ తిప్పు పూర్తి చేసేసి ఆగేవాడు మరి.

దెయ్యం నడక గురించి. చేతులు చాచవద్దు, తల ఊపవద్దు. నెమ్మదిగా నడిస్తే చాలనుకుంటారు. నెమ్మది కన్నా ముఖ్యం వేగం మారకపోవడం. మనిషి నడకలో అడుగడుగుకీ చిన్న ఎగుడుదిగుడు ఉంటుంది, అది కనబడకూడదు. మోకాళ్ళు కొంచెం వంచి, తల మీద పుస్తకం పెట్టి నడిపించండి. చెప్పుల అడుగున ఫెల్టు గుడ్డ అతికించండి. నునుపు నేల మీదా మెట్ల మీదా ఫెల్టు జారుతుంది, అక్కడ పల్చటి రబ్బరు వేయాలి.

నవ్వుకు కూడా రిహార్సల్ చేయాలి. ఉలిక్కిపడ్డ హాలు మరుక్షణం నవ్వుతుంది, అది మీ ఓటమేం కాదు, బిగువు సడలడం. ఆ తర్వాత ఐదారు సెకన్లు ముఖ్యమైన డైలాగు పెట్టకండి. నటులు ఆ ఆరు సెకన్లూ నవ్వులో కలవకుండా భయంలోనే నిలబడటం నేర్చుకోవాలి. ఒక రిహార్సల్‌కి స్నేహితుల్ని పిలిచి, "ఇష్టమొచ్చినట్టు నవ్వండి" అని చెప్పి చూడండి.

6. దెయ్యాన్ని చూపించే నాలుగు పద్ధతులు

తేలికైన దానితో మొదలుపెడుతున్నాను. మొదటి రెండూ సరిగ్గా చేస్తే చాలాసార్లు మిగతావి అవసరం పడవు.

6.1 గుమ్మం, వెనక కాంతి

తెరిచి ఉన్న గుమ్మం, దాని వెనక నల్లతెర, పాత్రధారి వీపు వెనక ఎత్తులో ఒక చిన్న లైటు. ముందు నుంచి వెలుగు సున్నా. భుజాల అంచు, జుట్టు అంచు మాత్రమే కనబడతాయి. లైటు ఆరగానే మనిషి పక్కకు ఒక్క అడుగు వేస్తాడు. మళ్ళీ వెలిగితే గుమ్మం ఖాళీ.

6.2 కదిలే వస్తువు

ఊగుడు కుర్చీకి సన్నటి చేపల గాలపు దారం కట్టి వింగ్‌లోకి లాగండి. దారం నేలకు దగ్గరగా, వెనక కాలికి కట్టాలి. ముందు నుంచి లైటు పడితే దారం మెరుస్తుంది కాబట్టి కుర్చీని పక్క లైటుతో వెలిగించండి. ఆ దారి మీదుగా ఏ పాత్రా నడవకూడదు, బ్లాకింగ్‌లోనే రాసిపెట్టండి. దారం తెగితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి: మా దగ్గర రెండో దారం సిద్ధంగా ఉండేది.

6.3 పల్చటి వలతెర

వలలాంటి గుడ్డను బిగుతుగా కట్టి, ముందు నుంచి బాగా ఏటవాలుగా వెలుగు వేస్తే గోడలా కనబడుతుంది. ముందు వెలుగు ఆపి వెనక మనిషి మీద వెలుగు వేస్తే తెర కరిగిపోయి మనిషి కనబడతాడు. రంగస్థలాలకు దీనికోసమే నేసే గుడ్డను షార్క్స్‌టూత్ అంటారు. అది దొరక్కపోతే సన్నటి నైలాన్ వల పని చేస్తుంది, అతుకులు కనబడతాయంతే.

ఎక్కడ చెడుతుందంటే, ముందు వెలుగు తెరను దాటి వెనకున్న వాటి మీద పడుతుంది, రహస్యం ముందే బయటపడుతుంది. తెర వెనక ఇంకో నల్లతెర వేసి, దెయ్యం రావడానికి ముందు చప్పుడు లేకుండా తీయించండి. వెనక లైటును పక్క నుంచి వేయండి, అది తెరను తాకకూడదు. తెరలో ముడత ఒక్కటున్నా గోడ అని ఎవరూ నమ్మరు.

6.4 అద్దంలో దెయ్యం

1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ చూపించిన పద్ధతి, ఆయన పేరుతోనే పెప్పర్స్ గోస్ట్ అంటారు. స్టేజీ మీద పెద్ద పారదర్శక గాజు లేదా బిగించిన ప్లాస్టిక్ ఫిల్మ్‌ను 45 డిగ్రీల వాలులో పెడతారు. ప్రేక్షకులకు కనబడని పక్క గదిలోనో కింది గుంటలోనో పాత్రధారి ఉంటాడు. అతని మీద వెలుగు పడగానే ప్రతిబింబం స్టేజీ మీద నిలబడినట్టు, అవతలి వస్తువులు దానిలోంచి కనబడేట్టు తోస్తుంది.

చేసేముందు తెలుసుకోవాల్సినవి:

- దాక్కున్న మనిషి అద్దానికి ఎంత దూరంలో ఉంటే, దెయ్యం అద్దం వెనక అంతే దూరంలో కనబడుతుంది. ముందు కాగితం మీద గీసి, తర్వాత నేల మీద టేపు వేయండి.
- స్టేజీ మీది నటుడికి ఆ దెయ్యం కనబడదు. టేపు గుర్తుని చూస్తూ నటించాలి. ఐదో భాగంలో చేసిన సాధన ఇక్కడ అక్కరకొస్తుంది.
- కుడి ఎడమ తారుమారవుతాయి. ఎడమ చేత్తో చూపించాలంటే కుడి చేయి ఎత్తాలి.
- దాక్కునే చోటంతా నల్లరంగు వేయాలి. పాత్రధారి తప్ప వేరేదేదీ వెలగకూడదు.
- స్టేజీ మీది వెలుగు ఎక్కువైతే దెయ్యం కొట్టుకుపోతుంది.
- ఫిల్మ్ వదులైతే ఫ్యాను గాలికి దెయ్యం అలలు పోతుంది. గాజైతే బరువు. ఎత్తి బిగించే పని తెలిసినవాళ్ళు చేయాల్సిందే, విద్యార్థులు కాదు.

సమయం మూడు వారాలే ఉంటే ఈ పద్ధతి జోలికి వెళ్ళకండి.

7. లైటింగ్

మసక వెలుతురులో కంటికి ఎరుపు నల్లగా, నీలం–ఆకుపచ్చలు కాస్త ప్రకాశంగా కనబడతాయి. దెయ్యం బట్ట మీద రక్తం మరక నల్ల మరకలా ఉందని కంగారు పడితే కారణం ఇదే. మరక ఎర్రగా కనబడాలంటే ఆ క్షణానికి వెచ్చని వెలుగు కొంచెం కలపాలి.

మొత్తం స్టేజీని నీలంతో నింపేయడం అందరూ చేసే తప్పు. అంతా నీలమైతే కంటికి పది నిమిషాల్లో అలవాటైపోతుంది. గదిలో ఒక వెచ్చని దీపం ఉంచి, దాని చుట్టూ చీకటి పెంచండి. భయం ఆ వెలుగు అంచు దగ్గర ఉంటుంది.

ఇంకో కిటుకు. సన్నివేశం మొదట్లో ఉన్న వెలుగును 90 సెకన్లలో సగానికి దించండి. ఎవరూ గమనించరు, ముందుకు వంగి చూడటం మొదలుపెడతారు. పాతకాలం ఎల్‌ఈడీ లైట్లు అడుగు స్థాయిలో జారకుండా మెట్లు మెట్లుగా దిగుతాయి. అలాంటివైతే ఈ పనికి వేరే లైటు వాడండి.

మెరుపుల లైటు వాడితే సెకనుకు నాలుగు మెరుపులు దాటకూడదు, అవీ కొద్ది సెకన్లే. మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం. హాలు బయట బోర్డు పెట్టాలి. నన్నడిగితే అసలొద్దు.

8. శబ్దం

స్టేజీ రెండు పక్కలా ఉన్న పెద్ద స్పీకర్లలోంచి దెయ్యం చప్పుడు వస్తే సినిమా హాలులా ఉంటుంది. పై గదిలో చప్పుడైతే ఒక చిన్న స్పీకరు నిజంగానే పైన పెట్టండి. తలుపు మీద తట్టడమైతే మనిషే నిజం తలుపు మీద తట్టాలి, చెక్క కదిలే తీరు స్పీకరులో రాదు. ప్రేక్షకుల వెనక ఒక స్పీకరు దాచి, నాటకం మొత్తంలో ఒక్కసారి వాడండి.

నిశ్శబ్దాన్ని తయారు చేసుకోవచ్చు. నాటకం మొదట్లోనే వినీవినబడని ఒక మంద్రమైన మోత పెట్టండి. ఇరవై నిమిషాల్లో మెల్లగా కొంచెం పెంచండి. జనం దాన్ని ఏసీ అనుకుని మరచిపోతారు. దెయ్యం రావడానికి నాలుగు సెకన్ల ముందు దాన్ని ఒక్కసారిగా కోసేయండి. ఏం పోయిందో ఎవరికీ తెలియదు, మెడ వెనక మాత్రం తెలుస్తుంది.

వయొలిన్ కీచులు, పిల్లల నవ్వులు, తోడేళ్ళ కూతలు ఉచితంగా దొరుకుతాయి కదా అని కుక్కకండి. ఆ ఫోల్డర్ మొత్తం తీసేసి ఒకసారి నాటకం వేసి చూడండి. ఏది లేక బాధ కలిగిందో దాన్నే తిరిగి తెచ్చుకోండి.

9. దుస్తులు, మేకప్

కొత్త తెల్లగుడ్డ లైటు కింద మెరిసిపోయి మిగతా అందరినీ మింగేస్తుంది. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే సరైన మురికి తెలుపు వస్తుంది. అంచులు ముదురు చేస్తే కాళ్ళు చీకట్లో కలిసిపోయి, తేలుతున్నట్టు ఉంటుంది. గుడ్డ గరగరలాడకూడదు: చెవి దగ్గర పెట్టి నలిపి చూసి కొనండి.

ముఖానికి తెల్లపొడి దట్టంగా వేస్తే విదూషకుడవుతాడు. చర్మం రంగుకు ఒక మెట్టు పాలిపోయినట్టు వేసి, కంటి గుంటలు, బుగ్గల కింద, మెడ గుంటలో బూడిద–ఊదా నీడ వేయండి. చేతులు మరచిపోతారు. 34వ నిమిషంలో కనబడేది చేయి ఒక్కటేనని గుర్తుంచుకోండి. మేకప్‌ని గ్రీన్‌రూమ్ ట్యూబులైటు కింద కాకుండా షో లైటు కింద, ఎనిమిదో వరసలోంచి చూసి ఒప్పుకోండి.

10. పొగ, మంట, చీకటి: ఇక్కడ సాహసాలొద్దు

- పొగ మెషీన్ వాడతామని హాలు అధికారులకు రాతపూర్వకంగా చెప్పండి. అలారంను మీరే కవరు కట్టి మూయడం ఎప్పుడూ చేయకండి. అది వాళ్ళ పని, వాళ్ళ మనిషి అక్కడే ఉండగా జరగాలి.
- పల్చటి పొగను ముందే వదిలి హాల్లో సర్దుకోనివ్వండి. మెషీన్ బుస్సుమనే చప్పుడు నాటకం మధ్యలో రాకూడదు. ఆస్తమా ఉన్న నటులను ముందే అడగండి.
- డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది, మందపు గ్లౌజులు లేకుండా తాకకూడదు. అది వదిలే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, పల్లంలోకి దిగి నిలుస్తుంది. స్టేజీ కింద గుంటలో మనిషి దాక్కుని ఉంటే డ్రై ఐస్ పూర్తిగా మానేయండి. నేల మీద పడుకునే పాత్ర ఉన్నా అంతే.
- నిజం కొవ్వొత్తి బదులు బ్యాటరీ కొవ్వొత్తి. చేతిలో కప్పి పట్టుకుంటే తేడా తెలియదు.
- తెరలకు మంటను తట్టుకునే పూత ఉండాలి.
- స్టేజీ అంచులకు, మెట్లకు రాత్రి మెరిసే టేపు. షోకి ముందు దాని మీద వెలుగు వేసి ఉంచితేనే మెరుస్తుంది.
- చీకట్లో నడవాల్సిన నటుడు బ్లాకౌట్‌కు ముందు కొన్ని సెకన్లు ఒక కన్ను మూసుకుంటే కొంత చూపు మిగులుతుంది. చీకటి నడకలన్నీ ముందు వెలుతురులో, తర్వాత సగం వెలుతురులో, ఆ తర్వాతే చీకట్లో.
- చావు, ఆత్మహత్య, పిల్లల మరణం లాంటివి కథలో ఉంటే ప్రవేశం దగ్గరే రాసి పెట్టండి.

11. టెక్ రిహార్సల్

మొదట నటులు లేకుండా లైట్లు, సౌండు, స్టేజీ మేనేజర్ కూర్చుని క్యూలన్నీ వరసగా నడపండి. తర్వాత నటులతో క్యూ నుంచి క్యూకి, మధ్య డైలాగులు దాటేస్తూ. చివర ఆపకుండా మొత్తం.

దెయ్యం క్యూలు ఒక్కొక్కటీ లైటు, సౌండు, దారం, మనిషి నాలుగింటినీ ఒకేసారి కలుపుతాయి. వాటికి విడిగా ఒక సాయంత్రం కేటాయించండి. ఒక్కోటి వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే ముందుకు. మూడోసారి తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. విసుగొస్తుంది, వచ్చినా చేయండి.

క్యూను నటుడి మాట మీద కట్టడం కన్నా కదలిక మీద కట్టడం మేలు. మా గడియారం సన్నివేశంలో "చేయి ఆగగానే" అన్నదే క్యూ. అందుకే స్టేజీ మేనేజర్ కూర్చున్న చోటు నుంచి ఆ చేయి కనబడాలి.

12. షో రోజు

- 3 గంటల ముందు: లైట్లన్నీ వెలిగించి చూడటం, ప్రతి స్పీకరు విడిగా పరీక్ష
- 2 గంటల ముందు: దారం, తలుపు, కుర్చీ, వలతెర పరీక్ష. కొత్త బ్యాటరీలు
- గంటన్నర ముందు: దెయ్యం మేకప్. ఇక అక్కడి నుంచి ఆ పాత్రధారి ప్రేక్షకుల కంట పడకూడదు, ఫోటోలు పెట్టకూడదు
- 45 నిమిషాల ముందు: పల్చటి పొగ, మెరిసే టేపుకు వెలుగు
- 10 నిమిషాల ముందు: ఫోన్లు ఆపమని ప్రకటన. మామూలు గొంతుతో. దెయ్యం గొంతుతో ప్రకటన చేస్తే ముందే నవ్వించినట్టే
- ఆలస్యంగా వచ్చేవారిని ఏ సన్నివేశాల మధ్య లోపలికి పంపాలో తలుపు దగ్గరివారికి రాసివ్వండి. 34, 52, 71 నిమిషాల చుట్టూ తలుపు తెరుచుకోకూడదు

13. తప్పులు, మరమ్మతులు

*హాలు ప్రతిసారీ నవ్వుతోంది.* దెయ్యం ఎక్కువసేపు కనబడుతోంది. సెకన్లు సగానికి కోయండి.

*ఎవరూ గమనించలేదు.* స్టేజీ అవతలి పక్క ఏదో ఎక్కువ వెలుగుతోంది, లేదా నటుడు అటు చూడలేదు. దెయ్యాన్ని పెద్దది చేయకండి, మిగతాది తగ్గించండి.

*మొదటి అరగంట నీరసంగా ఉంది.* దెయ్యాన్ని ముందుకు జరపాలని చేయి లాగుతుంది, జరపకండి. పాత్రల మధ్య గొడవ బలంగా లేదు. ఇల్లు అమ్మాలా వద్దా, ఉత్తరం చించాలా దాచాలా అన్న పేచీ ఏదో నడుస్తుంటేనే చప్పుడు దానికి అడ్డొస్తుంది.

*డైలాగులు వినబడటం లేదు.* భయం అనగానే అందరూ గుసగుసలాడతారు. ఆఖరి వరసలో ఒకరిని కూర్చోబెట్టి, వినబడని ప్రతి మాటకీ చేయి ఎత్తించండి.

*లైటు క్యూ తప్పింది, దెయ్యం వెలుతురులో దొరికిపోయింది.* పరుగెత్తకూడదు. అదే వేగంతో, ఎవరినీ చూడకుండా, దగ్గరి వింగ్‌లోకి నడిచి వెళ్ళిపోవాలి. నటుల్లో ఒక్కరు చూపు అటు తిప్పి ఊపిరి బిగబడితే చాలు, క్యూ తప్పిందని ముందు వరసకు కూడా తెలియదు. ఇది కూడా ఒకసారి రిహార్సల్ చేసుకోండి.

మొదటి షో అయ్యాక, సెట్ సర్దేముందే, స్టేజీ మేనేజర్ దెయ్యం పట్టిక తీసి ప్రతి గడి పక్కనా హాలు ఏం చేసిందో రాయాలి: నవ్విందా, దగ్గిందా, కదలకుండా ఉందా. మాకు 52వ నిమిషంలో ఆరు సెకన్లు ఉండేవి. మొదటి రాత్రి ఐదో సెకనులో ఎవరో ఇకిలించారు. రెండో రాత్రి నాలుగుకే ఆర్పేశాం.